మనది కాని పెరట్లో



మనలో చాలామందిమి అద్దె ఇళ్లలో ఉంటున్నాం. సొంత ఇల్లు కొనుక్కున్నవాళ్లలోనూ కొందరు దాన్ని మనసులో అద్దె ఇల్లుగానే ఉంచుకున్నారు. గోడకు మేకు కొట్టాలంటే ఆలోచిస్తాం. మంచి మంచం కొనాలంటే "ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే కదా" అంటాం. మూడేళ్లయినా పక్కింటివారి పేరు తెలియదు. ఎవరినీ నొప్పించడానికి ఈ మాట అనడం లేదు, నా సంగతీ అంతే. మేము ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. బయలుదేరేటప్పుడు మా అమ్మతో "రెండేళ్లమ్మా, అంతే" అని చెప్పాను. ఆ రెండేళ్లు ఇంకా పూర్తి కాలేదు.

ఈ నెల మీ ముందు ఒక ప్రశ్న పెట్టాలనుకుంటున్నాను. ఎన్నాళ్లుంటామో తెలియని చోట, మనం వెళ్లిపోయాక గాని పూర్తి ఫలితం కనిపించని పని మొదలుపెట్టడం తెలివేనా? అది మంచివాళ్లు సరదాకి చేసే పనా, లేక మనందరి మీదా ఉన్న బాధ్యతా? వినడానికి పెద్ద ప్రశ్నలా ఉంది గాని, నాకిది తట్టింది ఒక పూలమడి దగ్గర. అక్కడినుంచే మొదలుపెడతాను.

నాలుగేళ్ల క్రితం మార్చిలో, న్యూజెర్సీ నడిమి ప్రాంతంలో ఒక చిన్న ఇంటి కింది అంతస్తు అద్దెకు తీసుకున్నాం. వెనక పెరడు రెండు కార్లు పట్టేంత. కంచె వెంబడి ఒక మడి. ఏప్రిల్‌లో ఆ మడిలో ముదురాకుపచ్చ ఆకులు గుత్తులు గుత్తులుగా లేచాయి. ముట్టుకుంటే గరుగ్గా, నూగు నూగుగా ఉన్నాయి. మా ఊళ్లో చేలో అలాంటి ఆకు కనబడితే ఎవరినీ అడిగే పని లేదు, పీకి గట్టు మీద పడేస్తారు. నేనూ అదే చేశాను. ఒక శనివారం పొద్దున కూర్చుని సగం మడి పీకేశాను. నడుం పట్టేసింది. మిగతా సగం వచ్చే శనివారానికి వాయిదా వేశాను. వచ్చే శనివారం వాన. ఆ పై శనివారం పిల్లల కార్యక్రమం. అలా నా బద్ధకం పుణ్యమా అని సగం మడి బతికిపోయింది.

జూలై నెలాఖరుకు ఆ సగం మడి పసుపుపచ్చగా నిండిపోయింది. నడుమ ముదురు గోధుమరంగు బొడిపె, చుట్టూ బంగారు రేకులు, చిన్న చిన్న పొద్దుతిరుగుడు పూలలాగా. వీటిని ఇక్కడివాళ్లు బ్లాక్ ఐడ్ సూజన్ అంటారు, శాస్త్రం ప్రకారం రుడ్‌బెకియా. ఆగస్టు ఎండకు ఊళ్లో గడ్డంతా ఎర్రబారిపోయి, వసంతంలో పూసినవన్నీ వాడి తలలు వాల్చేసిన రోజుల్లో ఇవి నవ్వుతూ నిలబడ్డాయి. సెప్టెంబరు దాకా పూస్తూనే ఉన్నాయి.

కంచె అవతల ఒక పెద్దావిడ ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అదే ఇంట్లో ఉంది. ఒక సాయంత్రం నన్ను చూసి, "ఆ పూలు ఈ ఏడు సగమే ఉన్నాయేమిటి?" అని అడిగింది. నేను నేల చూపులు చూశాను. ఆవిడ నా ఇబ్బంది గమనించిందో లేదో గాని, ఆ మొక్కల సంగతి చెప్పింది. మాకు ముందున్న అద్దెవాళ్లకూ ముందు, ఒక అమ్మాయి ఆ ఇంట్లో ఉండేదట. వాటిని ఆ అమ్మాయే నాటింది. రెండు వేసవులు ఉండి, ఉద్యోగం మారి వెళ్లిపోయింది. మడి ఇలా నిండుగా పూయడం తను చూడనే లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదంటే నమ్మండి. ఎవరో నాటినవి నాకు పూశాయి. వాటిలో సగం నేను చేతులారా పీకి చెత్తసంచిలో వేశాను.

తోటపని తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు గాని, తెలియనివాళ్ల కోసం చెబుతాను. మన బంతి ఏకవార్షికం. విత్తిన ఏడే పూస్తుంది, మంచు పడితే చచ్చిపోతుంది. రుడ్‌బెకియా, ఎకినేసియా, ఆస్టర్, గోల్డెన్‌రాడ్ లాంటివి బహువార్షికాలు. చలికాలంలో పైభాగం ఎండిపోయినా వేరు నేలలో బతికే ఉంటుంది, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. ఇలాంటి మొక్క చాలావరకు మొదటి ఏడు తన బలమంతా వేరులోనే పెట్టుకుంటుంది. పైన చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. రెండో ఏడు కాస్త కదులుతుంది. మూడో ఏడు దుబ్బు కట్టి ఒళ్లంతా పూస్తుంది. మొదటి ఏడు నిద్ర, రెండో ఏడు పాకడం, మూడో ఏడు దూకడం అని ఇక్కడి తోటమాలులు నవ్వుతూ చెబుతుంటారు.

అంటే ఈ పూలు పూర్తిగా చూడాలంటే మూడేళ్లు ఒకచోట ఉండాలి. మూడేళ్లు! మన వీసా పత్రం మీద ఉండే గడువు కూడా చాలాసార్లు అంతే.

మరుసటి వసంతంలో నేనూ నాలుగు మొక్కలు నాటుదామనుకున్నాను. మా ఆవిడ అడ్డుపడింది. ఆమె మాటలో న్యాయం ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. "ఏమండీ, మనం ఇక్కడుండేది ఎన్నాళ్లు? ఒక్కో మొక్క పదిహేను డాలర్లట. అవి పూసే వేళకు మనం ఏ రాష్ట్రంలో ఉంటామో! ఒక కుండీలో బంతి పెట్టుకుంటే సరిపోదా? సెప్టెంబరులో షాపు ముందు పూసిన చామంతి కుండీలు అమ్ముతారు, ఒకటి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టుకుందాం" అంది.

ఆ చామంతి కుండీలు మీరూ కొనే ఉంటారు. ఇక్కడ మమ్స్ అంటారు. నిండా పూసి వస్తాయి, నెలన్నర ముచ్చటగా ఉంటాయి, ఆ తర్వాత చెత్తబుట్ట. కొందరు జాలిపడి నేలలో పెడతారు గాని, అంత ఆలస్యంగా నాటితే వేరు పట్టే సమయం ఉండదు. చాలావరకు ఆ చలికాలం దాటవు. నిజం చెప్పాలంటే, విదేశంలో మన బతుకు ఆ కుండీ చామంతి బతుకే అని నాకు చాలాసార్లు అనిపించింది. మొగ్గతోనే వస్తాం, పూసి చూపిస్తాం, వేరు మాత్రం కుండీ దాటదు.

"ఇంకో రెండేళ్లు" అన్న మాట మన కూడికల్లో ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఈ మాట కొత్తదేమీ కాదు. యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము నుంచి కొందరు అప్పటికే బబులోనుకు చెరగా వెళ్లారు. హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని, వెళ్లినవాళ్లూ మందిరపు పాత్రలూ తిరిగి వస్తాయని చెప్పాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. జనానికి ఆ మాట ఎంత తీయగా ఉండి ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాతి అధ్యాయంలో యిర్మీయా బబులోనులో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అన్నది దాని సారాంశం. గడువు రెండేళ్లు కాదు, డెబ్బై.

డెబ్బై అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో తిరిగి వెళ్లేది దాదాపు ఎవరూ లేరు. ఈ సంగతి నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు. వాళ్లను తోటలు నాటమన్నది వాళ్ల ఆనందం కోసం మాత్రమే అయితే వేరే సంగతి. పట్టణం క్షేమం కూడా కోరమన్నాడు. వాళ్లను చెరపట్టిన ఊరి క్షేమం! తమకు ఏమీ కాని ఊరు, తమను ఇష్టంగా పిలవని ఊరు. మనల్ని ఎవరూ సంకెళ్లు వేసి తీసుకురాలేదు, మనమే దరఖాస్తు పెట్టుకుని వచ్చాం. మన బాధ్యత వాళ్లకంటే తక్కువ ఎలా అవుతుంది?

దీనికి ఎదురుగా మూడు మాటలు చెప్పేవాళ్లున్నారు. మూడూ కొట్టిపారేయదగ్గవి కావు.

మొదటిది డబ్బు. పదిహేను డాలర్లు పూలమొక్కకు పెట్టేబదులు ఊళ్లో అమ్మ మందులకు పంపితే ధర్మం కదా? పంపాలి. అందులో వాదన లేదు. కానీ ఈ మొక్కల సుగుణం ఏమిటంటే, తెలిసినవాళ్లుంటే కొనాల్సిన పనే లేదు. మూడు నాలుగేళ్లకోసారి దుబ్బు తవ్వి విడదీయాలి, లేకపోతే చాలావాటికి నడిమి భాగం ముదిరి పూత తగ్గిపోతుంది. అందుకే ఇవి పెంచేవాళ్ల దగ్గర ఎప్పుడూ అదనపు పిలకలు ఉంటాయి, ఎవరికిద్దామా అని చూస్తుంటారు. నాకు ఎకినేసియా, గోల్డెన్‌రాడ్ కంచె మీదుగా పెద్దావిడ ఇచ్చినవే. నేను కొన్నది మూడు ఆస్టర్లు. ఆవిడ పేరు నాకు తెలిసింది కూడా ఆ రోజే. పక్కింట్లో ఏడాదికి పైగా ఉన్నాక!

రెండోది బెంగ. ఇది అసలైనది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో దారో చూసుకోవాల్సిన వీసాల మీద ఎందరో ఉన్నారు. అలా పిల్లల బడి మధ్యలో మాన్పించి వెళ్లిన కుటుంబాలను మీరూ చూశారు, నేనూ చూశాను. వేరు పెట్టుకుంటే పీకేటప్పుడు నొప్పి. అందుకే మనవాళ్లు ముందుజాగ్రత్తగా దేన్నీ మరీ ప్రేమించరు. నేను వాళ్లను తప్పుపట్టలేను. ఒక్కటే అడుగుతాను: ప్రేమించకుండా గడిపిన ఆ ఏళ్లను ఎవరు తిరిగి ఇస్తారు? మా పెద్దమ్మాయికి ఇప్పుడు పదేళ్లు. మేము "తాత్కాలికం" అనుకుని గడిపినవి దాని బాల్యం మొత్తం.

మూడోది మనం వేదిక మీద నుంచి ఎక్కువగా వినే మాట. మనం యాత్రికులం, పరదేశులం, ఈ లోకం మన ఇల్లు కాదు. నిజమే. అయితే యాత్రికుడంటే మనకు మొదట గుర్తొచ్చేది అబ్రాహాము. ఆయన గుడారాల్లో బతికాడు. అలాంటి మనిషి బెయేర్షెబాలో ఒక పిచుల వృక్షం నాటాడని ఆదికాండం 21వ అధ్యాయం చివర ఉంది. ఆ వెంటనే వచ్చే మాట ఏమిటంటే, ఆయన ఫిలిష్తీయుల దేశంలో చాలా రోజులు పరదేశిగా ఉన్నాడని. చెట్టు నాటాడు, పరదేశిగానే ఉన్నాడు. ఒకదానికొకటి అడ్డు రాలేదు. గుడారం మడిచి ఒంటె మీద వేసుకుని పోవచ్చు. చెట్టును అలా తీసుకుపోలేం, అది తర్వాత వచ్చేవాడికే.

పాఠకుల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. గదికి ఆరుగురు ఉండే చోట పెరడెక్కడ, మడెక్కడ? ఖతర్‌లో చాలాకాలం పనిచేసి వచ్చిన మా బంధువు ఒకాయన చెప్పిన సంగతి చెబుతాను. ఆయన ఉన్న గదిలో ఎవరు సెలవు మీద వెళ్లినా, పూర్తిగా వెళ్లిపోయినా, స్టవ్ కడిగి, బియ్యం డబ్బా నింపి, కొత్తగా వచ్చేవాడి కోసం ఒక దుప్పటి ఉతికి మడతపెట్టి వెళ్లేవాళ్లట. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆయన దిగిన రోజు రాత్రి ఆ దుప్పటే కప్పుకున్నాడు.

ఇక నాటిన మొక్కల సంగతి. మిగతావాటికంటే నాకు ఆస్టర్ మీద మనసు పోయింది. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ అంటారు. ఊదారంగు రేకులు, నడుమ పసుపు, చూడగానే మన చామంతికి చెల్లెలని తెలిసిపోతుంది. నిజంగానే ఒకే కుటుంబం. బ్రిటన్‌లో ఉన్న మన పాఠకులకు ఇది మైకల్మస్ డెయిసీ పేరుతో తెలిసి ఉంటుంది. సెప్టెంబరు 29న వచ్చే మిఖాయేలు పండుగ రోజుల్లో పూస్తుంది కాబట్టి ఆ పేరు. అమెరికా మొక్కే, సముద్రం దాటి అక్కడ స్థిరపడింది.

ఆస్టర్ ఎప్పుడు పూయాలో ఎండ వేడి చూసి కాక రాత్రి పొడవు చూసి నిర్ణయించుకుంటుంది. రాత్రులు పొడవవుతున్నాయని ఆకులకు తెలిశాకే మొగ్గ తొడుగుతుంది. చామంతి కూడా అంతే, అందుకే మన ఊళ్లలో చలికాలంలో విరగబూస్తుంది. మొక్కలు రాత్రీ పగలూ కొలుస్తాయన్న సంగతిని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో లోకానికి చెప్పారు. వాళ్లు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసేవారు, ఎంతకీ పూయని ఒక పొగాకు రకం వాళ్లను ఆ దారిలోకి లాగింది. మనం "ఆలస్యంగా పూసింది" అంటాం. ఆస్టర్ లెక్కలో అది సరైన వేళే.

ఇంకో సంగతి ఉంది, మొదటిసారి చేసేవాళ్లకు చెయ్యి ఆడదు. జూన్‌లో, ఎలాగైనా జూలై 4 లోపల, ఆస్టర్ కొమ్మల్ని మూడోవంతు నుంచి సగం దాకా కత్తిరించాలి. పచ్చగా ఎదుగుతున్నదాన్ని! కత్తిరిస్తే పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది. లేకపోతే మనిషంత ఎత్తు పెరిగి, సరిగ్గా పూసే వేళకు గాలికి పడిపోతుంది. నేను మొదటి ఏడు జాలిపడి కత్తిరించలేదు. అక్టోబరు మొదటివారంలో వానకు మొత్తం నేలకు ఒరిగింది. కింది ఆకులకు బూడిద తెగులు కూడా వచ్చింది, అది దీనికి మామూలే, ప్రాణం మీదికి తేదు.

గోల్డెన్‌రాడ్ గురించి ఒక్కమాట చెప్పకపోతే అన్యాయం. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చిన సహోదరి దాన్ని చూసి, "అయ్యో, ఇది తుమ్ములు తెప్పించే మొక్క, పీకించెయ్యండి" అంది. చాలామంది నమ్మకం అదే. నిజానికి దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు, తేనెటీగలు మోసుకుపోవాల్సిందే. అదే రోజుల్లో, పక్కనే, పువ్వని కూడా గుర్తుపట్టలేని పచ్చటి పూతతో రాగ్‌వీడ్ అనే కలుపు పూస్తుంది. గాల్లోకి పుప్పొడి వదిలేది అది. మన వయ్యారిభామకు దగ్గరి చుట్టం. తుమ్ము వచ్చినవాడు చుట్టూ చూస్తాడు, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది గోల్డెన్‌రాడ్. నింద దాని మీద పడుతుంది. కొత్త దేశంలో రంగు వల్ల నలుగురిలో వేరుగా కనిపించే మనకు ఈ న్యాయం ఎలా ఉంటుందో విడమరచి చెప్పాలా? అందుకే దాన్ని పీకలేదు. సెప్టెంబరులో మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో కొండలకు పోతూ దాని మీద వాలాయి. అవి వసంతంలో ఆ కొండల నుంచి బయలుదేరిన సీతాకోకచిలుకల మనవళ్లో మునిమనవళ్లో. మెక్సికోను ఎప్పుడూ చూడలేదు. దారిలో ఆకలికి ఎవరి పెరట్లోనో పూసిన పువ్వు ఉంటే చేరతాయి.

రుడ్‌బెకియా చరిత్ర కూడా తర్వాత తెలుసుకున్నాను. పెరళ్లలో ఎక్కువగా కనిపించేది గోల్డ్‌స్టర్మ్ అనే రకం, బంగారు తుఫాను అని అర్థం. ఆ జాతి పుట్టిల్లు ఈ తూర్పు అమెరికానే. ఐరోపాకు ప్రయాణం కట్టింది. 1937లో హైన్రిష్ హాగెమాన్ అనే తోటమాలి చెకోస్లవేకియాలో ఒక నర్సరీలో ఈ మంచి రకాన్ని గమనించాడు. జర్మనీలో పోట్స్‌డామ్ దగ్గర కార్ల్ ఫోర్‌స్టర్ నర్సరీలో అతను పనిచేసేవాడు. దాన్ని అక్కడ పెంచారు. ఇంతలో యుద్ధం వచ్చింది. బయటివాళ్లకు అందేసరికి 1949. పన్నెండేళ్లు. ఊళ్లు తగలబడుతున్న కాలంలో ఒక పసుపు పూల మొక్కను కాపాడటం ఎవరికి ముఖ్యం? ఎవరో నీళ్లు పోశారు, ఎవరో దుబ్బులు విడదీశారు. తిరిగి అమెరికా చేరి, 1999లో ఇక్కడి బహువార్షిక మొక్కల సంఘం వారు ఆ ఏటి మొక్కగా ఎంచారు. నేను సగం పీకేసింది ఇంత ప్రయాణం చేసిన మొక్కను.

ఇలా వెనక్కి వెళ్తే మన బతుకంతా ఇతరులు నాటినదే. న్యూజెర్సీకి పక్కనే ఉన్న పెన్సిల్వేనియా నుంచి అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. ఆసుపత్రి తెరిచేసరికి 1898 అయింది, పదిహేనేళ్లు. 1930లో అక్కడే కన్నుమూసింది. మీలో గుంటూరు జిల్లావాళ్లు ఎంతమంది కుటుంబాల్లో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినబడుతుందో మీకే తెలుసు. అంత దూరం ఎందుకు, మనం ఆదివారం మధ్యాహ్నం ఆరాధన చేసుకునే హాలు ఎవరిది? ఇంకో సంఘంవారు కట్టుకున్నది. కింద బేస్‌మెంటులో మనం ప్రేమవిందు చేసుకునే బల్లల మీద, ఆ బల్లలు ఇచ్చినవాళ్ల పేర్లున్న ఇత్తడి రేకులు ఉన్నాయి. ఆ బల్లల మీద పులిహోర వడ్డిస్తారని వాళ్లెవరైనా ఊహించి ఉంటారా?

ఇక్కడికి వచ్చేసరికి నా జవాబు ఒక పక్కకు ఒరిగిందని మీకు అర్థమయ్యే ఉంటుంది. పరాయిచోట నాటడం బాధ్యతే అని నేననుకుంటున్నాను. అందులో గొప్పేమీ లేదు, తీసుకున్న అప్పు తీర్చడమే. ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వలేని అప్పు ఇది. ఆ అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. కాబట్టి తర్వాత వచ్చేవాడికి తీర్చాలి.

అయినా నా మనసు పూర్తిగా శుభ్రంగా ఉందని చెప్పను. మూడో ఏడు సెప్టెంబరులో ఆస్టర్లు నడుమెత్తున గుబురుగా పూసినప్పుడు, నేను ఫొటోలు తీసి అందరికీ పంపాను. "ఎవరు పెంచారు?" అని అడిగితే చెప్పుకోవాలని ఉంది. ఆ అమ్మాయికి ఆ అవకాశం లేకుండానే పోయింది. పైగా తను నాటినదాన్ని నేను పీకేశాను, రేపు వచ్చేవాడు నేను నాటినదాని మీద గడ్డికోసే యంత్రం నడిపిస్తాడేమో. అది తెలిసీ నాటాలి. ఇది చెప్పినంత తేలిక కాదు.

ఆ పరీక్ష ఈ ఏడు రానే వచ్చింది. ఫిబ్రవరిలో నా ఉద్యోగం నార్త్ కరోలినాకు మారింది. ఏప్రిల్ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. మూడేళ్లు పెంచిన మడి. మా ఆవిడ, ఏ మొక్కలైతే వద్దందో ఆమే, "అన్నీ తవ్వి తీసుకుపోదాం, వచ్చేవాళ్లెవరో, ఉంచుతారా?" అంది. నాకూ అదే కోరిక. ఇంటాయనకు ఫోన్ చేసి అడిగితే, "ఏది కావాలంటే అది తీసుకెళ్లండి, గొయ్యి మాత్రం పూడ్చండి" అన్నాడు. అడ్డు చెప్పేవాళ్లు లేనప్పుడు న్యాయం ఆలోచించడం ఎంత కష్టమో ఆ వారం తెలిసింది.

వేసవి చివర పూసే ఈ మొక్కల్ని విడదీయడానికి ఏప్రిల్ మంచి అదను. పిలకలు అంగుళం రెండంగుళాలు లేచినప్పుడు దుబ్బు చుట్టూ పార దించి, పైకి లేపి, నిలువునా చీల్చాలి. శనివారం పొద్దున నేనూ పెద్దమ్మాయీ మొదలుపెట్టాం. ఆస్టర్ దుబ్బు నడిమిభాగం చెక్కబారి ఉంది, అంచుల్లో లేత పిలకలు ఉన్నాయి. మంచి పిలకలన్నీ నా బక్కెట్లోకే పోతున్నాయని మొదట గమనించింది అమ్మాయి. "డాడీ, ఆగస్టులో ఇక్కడికి వచ్చేవాళ్లకు ముసలివేనా?" అంది. బక్కెట్లోవి సగం తీసి మళ్లీ గోతిలో పెట్టాను. నడిమి ముదురు భాగం పారేశాం. రుడ్‌బెకియాల్లో రెండు దుబ్బులు మాత్రం తీసుకున్నాను, అవి నేను నాటినవి కావు కదా. పీకేసిన సగం మడి చోట మిగతావాటి పిలకలు సర్దాం. ఒక ఆస్టర్ ముక్క కంచె మీదుగా పెద్దావిడకు ఇచ్చాం. ఆవిడ పాత వార్తాపత్రిక తడిపి, మా బక్కెట్లోని వేర్లకు చుట్టి ఇచ్చింది. పది గంటల దారి అని చెబితే, మధ్యలో ఒకసారి నీళ్లు చల్లమంది.

బయలుదేరే ముందు రంగు డబ్బా కలిపే చెక్కపుల్ల ఒకటి దొరికితే, దాని మీద ఇంగ్లీషులో రాసి మడి మొదట్లో గుచ్చాను. ఇది కలుపు కాదు, పీకకండి, ఆగస్టు దాకా ఆగండి అని. అమ్మాయి చక్కటి రంగు పెన్ను తెచ్చి ఇచ్చింది గాని, పెన్సిల్‌తోనే రాశాను. పెన్ను రాత ఒక్క వేసవి ఎండకే వెలిసిపోతుంది.